క్యారీలో ఆకులు, అవ్వ మాట

జూలై సెలవుల్లో మూడు వారాలు క్యారీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళు మామూలుగా న్యూయార్క్ గురించో నయాగరా గురించో రాస్తారు. నేను ఆ రెండూ చూడలేదు. నేను చూసినవి ఆకులు, గడ్డిపూలు, కింద రాలిన పైన్ కాయలు. ఫోనులో 600 పైచిలుకు ఫోటోలతో స్టాంగర్ తిరిగి వచ్చాను. వాటిలో మనుషులున్నవి ఇరవై కూడా లేవు. "అమ్మా, నన్నొక్కటైనా తీశావా?" అని మా అమ్మాయి అడిగింది. తీశాను. కానీ ఆమె చేతిలో ఉన్న బెండకాయ కోసం తీశాను.

ముందు ఊరి సంగతి చెబుతాను. క్యారీ ఉత్తర కరోలినా రాష్ట్రంలో, రాజధాని రాలీ పక్కనే ఉంది. రైలు దారి పక్కన ఫ్రాంక్ పేజ్ అనే కలప వ్యాపారి స్థాపించిన పల్లె అది. 1871లో దానికి ఊరుగా గుర్తింపు వచ్చింది. 1959లో పక్కనే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ మొదలైంది. కంపెనీలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, వాటి వెంట మనవాళ్ళూ వచ్చారు. 2020 జనాభా లెక్కల్లో అక్కడ 1,74,721 మంది ఉన్నారు. అయినా ఇప్పటికీ తనను తాను నగరం అనుకోదు, 'టౌన్' అనే రాసుకుంటుంది. శ్రీ వేంకటేశ్వర ఆలయం 2009లో తెరిచారు. 87 అడుగుల రాజగోపురం 2022లో వచ్చింది. దారిలో పైన్ చెట్లు దాటగానే తెల్లని గోపురం కనబడితే నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ గుడి మెట్ల మీద నిలబడి తెలుగు విన్నాను. మన ఊళ్ళో డెబ్బై ఏళ్ళవాళ్ళ దగ్గర కూడా అరుదుగా వినబడే తెలుగు, అక్కడ కార్లు నిలిపే చోట చిన్నపిల్లలు మాట్లాడుకుంటున్నారు. ఒకామె ఎంతో ఆప్యాయంగా నా దగ్గరికి వచ్చి, "మీది ఏ ఊరండీ?" అని అడిగారు.

"డర్బన్ దగ్గర స్టాంగర్."

"అది సరే, అసలు ఊరు?"

ఈ పత్రిక చదివే మీ అందరికీ ఆ ప్రశ్న తెలుసు. మా ముత్తాత కాగితం నకలు మా ఇంట్లో ఉంది. నంబరు ఉంది, వయసు ఉంది, జిల్లా విజగపటం అని ఉంది. ఊరి పేరు గుమస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాశాడు. అది ఏ ఊరో ఇంతవరకు మేము తేల్చుకోలేకపోయాము. ఇదంతా మెట్ల మీద చెప్పలేను కదా. "వైజాగ్ వైపు" అన్నాను. ఆమె సంతోషించి, "మీరు భలే మాట్లాడతారండీ, పుస్తకం చదివినట్టు!" అన్నారు. మెచ్చుకున్నారు. కానీ నేను ఆ తర్వాత రెండు రోజులు ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదు. ఆకులతో మాట్లాడాను.

మా అమ్మాయి ఎనిమిదికి ఆఫీసుకు వెళ్ళిపోతుంది. ఎండ ముదరకముందే, ఆరున్నరకే, నేను నడకకు బయలుదేరేదాన్ని. అక్కడ మట్టి ఎర్రగా, బంకగా ఉంటుంది. దాని మీద ఎక్కడ చూసినా లాబ్లాలీ పైన్ చెట్లు. వాటి ఆకులు సూదుల్లా ఉంటాయి. కింద పడిన ఒక సూది తీసి చూస్తే అది ఒకటి కాదు, మూడు సూదులు ఒకే చోట పుట్టిన జట్టు. మరొకటి తీశాను, అదీ మూడే. దాదాపు అన్నీ మూడే. మూడింటినీ దగ్గర చేర్చి నొక్కితే గుండ్రని పుల్ల అవుతుంది. నేను నాలుగో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఇటువంటిది కనబడితే వదలలేను.

పైన్ కాయను తిరగేసి కాడ ఉన్న వైపు నుంచి చూడండి. పొలుసులు మెలికలుగా తిరుగుతూ కనబడతాయి. ఒక వైపు తిరిగే మెలికలు 8, ఎదురు వైపు తిరిగేవి 13. నేను ఒక్కో మెలికకు సుద్దముక్కతో గుర్తు పెట్టి లెక్కపెట్టాను. రాలీలో డిక్స్ పార్క్ అనే పెద్ద తోటలో జూలైలో పొద్దుతిరుగుడు చేను పూస్తుంది. ఆదివారం అక్కడికి వెళ్ళాం. ఒక పువ్వు మధ్యభాగాన్ని నిటారుగా ఫోటో తీసి, ఇంటికి వచ్చి పెద్దది చేసి గీతలు గీశాను. రెండుసార్లు తప్పాను. మూడోసారి ఒక వైపు 34, మరో వైపు 55 వచ్చాయి. అమెరికా వెళ్ళనక్కరలేదు, మన నాటాల్ అనాసపండు మీద లెక్కపెట్టండి, 8, 13 దొరుకుతాయి.

ఎందుకు ఇలా? మన ఆడవాళ్ళకు ఇది ముగ్గుతో చెబితే వెంటనే అర్థమవుతుంది. సందుచుక్కల ముగ్గులో రెండో వరుస చుక్కను మొదటి వరుస చుక్క కింద పెట్టం, రెండు చుక్కల మధ్య సందులో పెడతాం. మొక్క కూడా అదే చేస్తుంది. కొమ్మ చివర కొత్త ఆకో కొత్త గింజో పుట్టేటప్పుడు, అప్పటికే ఉన్నవాటి మధ్య ఎక్కడ ఎక్కువ సందు ఉందో అక్కడ పుడుతుంది. చాలా మొక్కల్లో ఒక ఆకుకూ తర్వాతి ఆకుకూ మధ్య సుమారు 137.5 డిగ్రీల మలుపు ఉంటుంది. ఆ మలుపుతో వెళితే ఏ ఆకూ మరో ఆకుకు సరిగ్గా నెత్తిమీదకు రాదు. మెలికలు లెక్కపెడితే 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55 వరుసలోని అంకెలు వస్తాయి. ప్రతి అంకె దాని ముందున్న రెండింటి మొత్తం.

ఈ వరుసను ఫిబొనాచీ పేరుతో బడిలో చెబుతాం. ఆయన పుస్తకం 1202 నాటిది. కానీ సుమారు 1150లోనే గుజరాత్‌లో హేమచంద్రుడు ఇదే వరుస చెప్పాడు, మొక్కల కోసం కాదు, ఛందస్సు కోసం. గుడి బడిలో మనకు లఘువు, గురువు నేర్పారు కదా. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మూడు మాత్రలు ఎన్ని రకాలుగా నింపవచ్చు? గురువు-లఘువు, లఘువు-గురువు, మూడు లఘువులు. మొత్తం మూడు. నాలుగు మాత్రలైతే ఐదు రకాలు, ఐదు మాత్రలైతే ఎనిమిది. పద్యానికి కట్టిన లెక్క పైన్ కాయ మీద కనబడితే, నేను ఆ కాయను చేతిలో పట్టుకుని దారి మధ్యలోనే నిలబడిపోయాను. వెనక వచ్చిన సైకిలు అబ్బాయి గంట కొట్టాడు.

ఒక మాట. అన్నింటిలోనూ ఈ అంకెలే వెతకకూడదు. ఆ రాష్ట్రపు పువ్వు డాగ్‌వుడ్. 1941 నుంచి దానికి ఆ గౌరవం. దాని పువ్వుకు నాలుగు తెల్ల రేకులు ఉన్నట్టు కనబడుతుంది. నిజానికి అవి రేకులు కావు, ఆకుల రూపాంతరం. అసలు పూలు మధ్యలో గుత్తిగా, చిన్నవిగా ఉంటాయి. జూలైలో పూలు లేవు. కానీ ఆ ఆకును మధ్యకు అడ్డంగా మెల్లగా తుంచి లాగితే రెండు ముక్కలూ విడిపోవు. గీతల్లోంచి సన్నని తెల్లని దారాలు సాగి, కింద ముక్క పై ముక్కకు వేలాడుతుంది. ఫోనులో ఆ దారాలు స్పష్టంగా పడ్డాయి.

అందరూ అడుగుతున్నారు కాబట్టి ఎలా తీశానో చెబుతాను. నా ఫోను ఖరీదైనది కాదు. మొదట ఫోను కన్నును మెత్తని గుడ్డతో తుడవండి. సగం ఫోటోలు పాడయ్యేది వేలిముద్రల వల్లే. మరీ దగ్గరికి వెళితే మసకబారుతుంది. ఒక జానెడు వెనక్కి జరిగి తీసి, తర్వాత కత్తిరించుకోండి. తెర మీద ఆకును వేలితో తాకితే అక్కడ స్పష్టత కుదురుతుంది. తాకిన చోట వేలిని కిందికి జరిపితే వెలుగు తగ్గుతుంది, తెల్లపూలకు అది తప్పదు. పొద్దుటి వెలుగు, మబ్బు వెలుగు మంచివి. ఆకు గీతలు కావాలంటే ఆకును సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టి వెనక నుంచి తీయండి. గుండ్రటి వాటిని సరిగ్గా ఎదురుగా, నడుమ నుంచి తీయండి. ఏ ఆకునూ కోయకండి, రాలినవే చాలు. డాగ్‌వుడ్ ఆకు కూడా నేను కింద పడినదే తుంచాను.

హెమ్లాక్ బ్లఫ్స్ అనే అడవి భాగం క్యారీలోనే ఉంది. హెమ్లాక్ చెట్టు చల్లని చెట్టు, దాని అసలు చోటు ఎంతో దూరాన పడమటి కొండలు. మంచుయుగంలో ఇటు కూడా పెరిగేది. వేడి పెరిగాక మిగతా చోట్ల పోయింది. ఇక్కడ మాత్రం స్విఫ్ట్ క్రీక్ వాగు ఒడ్డున ఉత్తరానికి తిరిగిన ఏటవాలు గట్టు మీద ఎండ తక్కువగా పడి, నేల చల్లగా ఉండి, కొన్ని చెట్లు నిలిచాయి. కొమ్మను తిరగేస్తే ప్రతి చిన్న ఆకు అడుగునా రెండు తెల్ల గీతలు ఉంటాయి. కొండల్లో ఉన్న వాటికీ అవే రెండు గీతలు. చల్లదనం దొరికినంత మేర తమ పోలికను తాము కాపాడుకున్నాయి. నేను ఆ గట్టు మీద వేసిన చెక్క మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

క్యారీలో చాలామంది ఇంటి ముందు చేమ మొక్కను అందం కోసం పెంచుతారు. మనం మదుంబి అంటాం కదా, దాని బంధువే. ఏనుగు చెవి అంత ఆకులు. ఒక పొద్దున వాన వెలిశాక ఒక ఇంటి ముందు వంగి, ఆ ఆకు మీద ముత్యాల్లా నిలిచిన నీటిబొట్లను ఫోటో తీస్తున్నాను. వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"ఏటమ్మా, సేమాకు పోటో తీస్తన్నావు? కూరకేటి?"

తిరిగి చూశాను. డెబ్బై దాటిన ఆవిడ, నేత చీర, కాళ్ళకు తెల్ల బూట్లు. కానీ నేను విన్నది ఒక్క మాటే, "ఏటి". మా అవ్వ మాట అది. అవ్వ తోట బారకాసులో పుట్టింది, చెరకు కొట్టింది, ఏ బడికీ వెళ్ళలేదు. జీవితమంతా "ఏటి" అనే అంది. గుడి బడిలో మాస్టారు "ఏమిటి" అనాలని నేర్పారు. అవ్వ భాష ఇక్కడికి వచ్చాక పాడైపోయిందని మేమంతా అనుకున్నాం. పాడైన భాష అయితే, శ్రీకాకుళం నుంచి కొడుకు ఇంటికి ఆరు నెలల కోసం వచ్చిన ఈవిడ నోట ఎలా వచ్చింది?

ఆ రోజు నుంచి ఇద్దరం కలిసే నడిచాం. నేను పెద్దమ్మ గారు అనేదాన్ని. ఆవిడకు ఇంగ్లీషు రాదు, కొడుకూ కోడలూ సాయంత్రం దాకా రారు. నాకు ఆకుల ఫోటోలు ఉన్నాయి, వాటికి మాటలు లేవు. గుడి బడి నాకు దేవుడి మాటలు ఇచ్చింది, నీతి మాటలు ఇచ్చింది. మొక్క దగ్గరికి వస్తే ఆకు, పువ్వు, కాయ, చెట్టు దగ్గర ఆగిపోయేదాన్ని. నేను పైన "ఆకు గీతలు" అని రాశాను చూశారా? వాటిని ఈనెలు అంటారని ఆవిడ చెప్పారు. పువ్వును కొమ్మకు పట్టి ఉంచేది తొడిమ. వంకాయ నెత్తిన టోపీలా ఉండేది ముచ్చిక. పువ్వు ముట్టుకుంటే వేలికి అంటుకునేది పుప్పొడి. నేను ఫోను నేర్పాను, ఆవిడ మాటలు నేర్పారు. ఆవిడ మొదటి ఫోటోలో తన బూటు పడింది. నాలుగో రోజుకు నాకన్నా నిలకడగా తీసేవారు. ముగ్గు వేసిన చెయ్యి వణకదు.

ఒక రోజు వాళ్ళ పెరట్లోకి తీసుకెళ్ళారు. గోంగూర, బెండ, ఒక మూల నాలుగు మొక్కజొన్న మొక్కలు. బెండకాయను అడ్డంగా కోసి చూపించారు, ఐదు గదులు. తర్వాత మొక్కజొన్న కాండం మీద వేలు పెట్టి, కింద నుంచి పైకి జరుపుతూ చెప్పారు.

"ఇదిగో సూడు తల్లీ. గనుపుకో ఆకు. ఒకటిటు, ఒకటటు. సెరుకూ ఇంతే కదేటి."

ఆకులు రెండే వరుసలు. ఇక్కడ 137.5 డిగ్రీలు లేవు, సగం చుట్టు తిరిగి తర్వాతి ఆకు ఎదురు వైపు వస్తుంది. చెరకు కూడా అంతే. ఈ ముచ్చట నాకు కొత్త. కానీ నేను దాన్ని ఫోటో తీయలేదు.

"ఏమన్నారు? గనుపా?"

"గనుపే. సదువుకున్నోళ్ళు కణుపంటారు."

చిన్నప్పుడు చెరకు ముక్క చేతికిచ్చి అవ్వ అనేది, గనుపు దగ్గర కొరక్కు, పన్ను పోతుంది అని. ఆ మాట మా పాఠ్యపుస్తకంలో ఎక్కడా లేదు. మన వంటింటి మాటల్లో జులూ మాటలు ఎన్నో కలిసిపోయాయి, మదుంబి అలా వచ్చిందే. గనుపు కూడా జులూ మాటే అయి ఉంటుందని నేను యాభై ఏళ్ళు అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది. శనివారాలు గుడి బడిలో ఇప్పుడు చిన్నపిల్లలకు నేనే తెలుగు చెబుతున్నాను. పోయిన సంవత్సరం "మా ఇంటి మాటలు" అని పది మాటలు రాసుకు రమ్మన్నాను. ఒక అబ్బాయి తన ముత్తవ్వ దగ్గర అడిగి రాసుకొచ్చాడు. అందులో ఆరోది గనుపు. నేను ఎర్ర కలంతో కొట్టేసి, పక్కన "ఇది తెలుగు కాదు" అని రాశాను.

ఆ సాయంత్రం మా అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "నువ్వు నాకు కూడా చాలా మాటలు కొట్టేశావమ్మా" అంది. కోపంగా అనలేదు. నాకు అన్నం దిగలేదు.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరినప్పటి నుంచి, 1911లో ఈ పద్ధతి ఆగిపోయేవరకు, 1,52,184 మంది ఒప్పందం మీద నాటాల్ వచ్చారు. మనవాళ్ళు పుస్తకాలు తెచ్చుకోలేదు. చెరకు కొట్టే చేతికి కణుపు తెలియకుండా కుదరదు, గడ నరికేదీ నాటేదీ కణుపు చూసే కదా. అంటే ఆ మాట వాళ్ళతో పాటు తోటల్లోకి వెళ్ళింది, రోజూ పని చేసింది, మూడు తరాలు నిలిచింది. దాన్ని తుడిచేసింది తోట దొర కాదు. మంచి తెలుగు నేర్పాలనుకున్న నేను.

గుడి బడిని తప్పుపట్టడం లేదు. ఆ బడి లేకపోతే నేను పెద్దమ్మ గారితో ఒక్క ముక్క మాట్లాడగలిగేదాన్ని కాదు, ఈ వ్యాసం మీకు రాయగలిగేదాన్ని కాదు. అక్షరాలు బడి ఇచ్చింది. ఆ అక్షరాలతో అవ్వ మాటలు కూడా రాసుకోవచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

వచ్చే ముందు రోజు పెద్దమ్మ గారికి ఆ మొక్కజొన్న ఫోటో తీసి పంపించాను, ఆవిడ వేలు గనుపు మీద ఉండగా. ఆవిడ మళ్ళీ అడిగారు, "మీ అవ్వోళ్ళది ఏ ఊరు?" అని. కాగితం మీద ఉన్న ఊరి పేరు చదివి వినిపించాను. ఆవిడ దాన్ని రెండు మూడు రకాలుగా పలికి చూసుకున్నారు. తెలియదన్నారు. తర్వాత, "ఊరు తెలకపోతే ఏటమ్మా, మాట తెలిసింది కదా" అని నా చెయ్యి నొక్కారు.

స్టాంగర్‌లో బడి తెరిచిన మొదటి శనివారం ఆ అబ్బాయి నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. కొట్టేసిన చోట మళ్ళీ గనుపు అని రాసి, పక్కన "ఇది తెలుగే. టీచరుకు తెలియలేదు" అని రాసి, సంతకం పెట్టాను. వాడు నవ్వాడు. వాళ్ళ ముత్తవ్వ ఇప్పుడు లేదు, మే నెలలో పోయింది. ఆ పది మాటల్లో ఇంకా రెండు ఉన్నాయి, నేను అప్పుడు కొట్టేసినవి. వాటి అర్థం అబ్బాయికీ గుర్తులేదు, వాళ్ళ అమ్మకూ తెలియదు. అందుకే ఈ వ్యాసం తొందరగా రాస్తున్నాను.

ఇప్పుడు మా తరగతిలో ప్రతి శనివారం ఒక ఆకు పని ఉంది. పిల్లలు ఇంటి దగ్గర ఒక మొక్కను ఫోటో తీస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించి, దీన్ని మీరు ఏమనేవారు అని అడుగుతారు. వాళ్ళు చెప్పిన మాటను చెప్పినట్టే, ఎవరు చెప్పారో పేరుతో సహా రాసుకొస్తారు. జులూ మాటైతే జులూ మాటే, దాన్నీ రాస్తాం. ఎర్ర కలం ముట్టుకోను. మీ ఊళ్ళోనూ చేయండి. ఫోను అందరి దగ్గరా ఉంది. ఫోటో రేపైనా తీయవచ్చు, ఆకు మళ్ళీ చిగురిస్తుంది. మాట చెప్పేవాళ్ళను మాత్రం ఈ వారమే అడగండి.